ఇంటర్వ్యూలో ఆర్‌సీ ఫిల్టర్ ప్రశ్న: సూత్రం కన్నా ముందు చెప్పవలసిన మాట



బెంగళూరు, హోసూరు, శ్రీపెరంబుదూరు, పుణె వంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తెల్లకాగితం మీద ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు గీసి "ఇది ఏం చేస్తుంది?" అని అడుగుతారు. చాలామంది వెంటనే సూత్రం అప్పజెబుతారు. అడిగినవారు కెపాసిటరునూ రెసిస్టరునూ అటు ఇటు మార్చి గీసి "మరి ఇప్పుడు?" అనేసరికి మాట ఆగిపోతుంది. ఈ పాఠం ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ఉండటానికి.

నేను బీకాం చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ఎలక్ట్రానిక్స్ నా వృత్తి కాదు. కానీ ఈ అధ్యాయంలో ఉన్న లెక్క కామర్సువాళ్ళకు పాత చుట్టమే. అదెలాగో ముందు ముందు చెబుతాను. కనుక ఇంట్లో పెద్దలు కూడా ఈ పాఠాన్ని పిల్లలతోపాటు చదవవచ్చు.

1. రెండు వస్తువుల స్వభావం

రెసిస్టరుకు అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకటే. 10 కిలో ఓముల రెసిస్టరు 50 హెర్ట్జ్ దగ్గరా 10 కిలోహెర్ట్జ్ దగ్గరా 10 కిలో ఓములే. కెపాసిటరు అలా కాదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని అడ్డు తగ్గుతుంది. ఆ అడ్డును రియాక్టెన్స్ అంటారు.

రియాక్టెన్స్ = 1 ÷ (2 × పై × ఫ్రీక్వెన్సీ × కెపాసిటెన్స్)

ఇక్కడ పై అంటే 3.1416. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుకు లెక్క వేస్తే:

50 హెర్ట్జ్ దగ్గర - సుమారు 31.8 కిలో ఓములు
159 హెర్ట్జ్ దగ్గర - సుమారు 10 కిలో ఓములు
10 కిలోహెర్ట్జ్ దగ్గర - సుమారు 159 ఓములు

డీసీకి ఫ్రీక్వెన్సీ సున్నా. అప్పుడు కెపాసిటరు నిండిన తరువాత తెగిన తీగతో సమానం. చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో అది కలిపిన తీగతో సమానం. ఈ రెండు వాక్యాలు మనసులో నిలిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

2. ముందు రెండు కొసలు చూడండి

సర్క్యూటు చూడగానే సూత్రం వెతకవద్దు. మూడు ప్రశ్నలు ఈ వరుసలో వేసుకోండి.

మొదటిది: అవుట్‌పుట్ దేని మీద తీసుకుంటున్నాం?
రెండోది: ఫ్రీక్వెన్సీ సున్నా అయితే అక్కడ ఎంత వస్తుంది?
మూడోది: ఫ్రీక్వెన్సీ బాగా పెరిగితే అక్కడ ఎంత వస్తుంది?

రెసిస్టరు సిరీస్‌లో ఉండి, అవుట్‌పుట్ కెపాసిటరు మీద తీసుకుంటే: సున్నా ఫ్రీక్వెన్సీలో కెపాసిటరు తెగిన తీగ, కరెంటు ప్రవహించదు, రెసిస్టరులో వోల్టేజి పోదు, ఇన్‌పుట్ అంతా అవుట్‌పుట్‌కు వస్తుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కెపాసిటరు కలిపిన తీగ, అవుట్‌పుట్ గ్రౌండ్‌కు పోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు దాటాయి, ఎక్కువవి ఆగాయి. కనుక ఇది లో పాస్ ఫిల్టరు.

ఇప్పుడు స్థానాలు మార్చండి. కెపాసిటరు సిరీస్‌లో, అవుట్‌పుట్ రెసిస్టరు మీద. సున్నా ఫ్రీక్వెన్సీలో దారి తెగింది, అవుట్‌పుట్ సున్నా. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో దారి తెరుచుకుంది, అంతా వస్తుంది. ఇది హై పాస్ ఫిల్టరు. వస్తువులు అవే, విలువలు అవే. అవుట్‌పుట్ తీసుకునే చోటు మారితే పేరు మారింది, పని మారింది.

ఇంట్లో ఉన్న వస్తువులతో చెప్పాలంటే, కెపాసిటరు నీళ్ళ తొట్టి, రెసిస్టరు దానికి నీళ్ళు తెచ్చే సన్నని గొట్టం. లో పాస్‌లో మనం చూసేది తొట్టిలోని నీటిమట్టం. గొట్టంలో నీటిని నిదానంగా లోపలికీ బయటికీ నడిపిస్తే మట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. క్షణానికి వందసార్లు అటూ ఇటూ తోస్తే మట్టం కదిలేలోపే దిశ మారిపోతుంది.

3. హద్దు ఎక్కడ?

రెండు కొసలూ తెలిశాక మధ్యలో హద్దు అడుగుతారు. సూత్రానికి ఇదీ సమయం.

కటాఫ్ ఫ్రీక్వెన్సీ = 1 ÷ (2 × పై × ఆర్ × సి)

రియాక్టెన్స్ రెసిస్టెన్స్‌తో సమానమయ్యే ఫ్రీక్వెన్సీ ఇదే. లో పాస్‌కూ హై పాస్‌కూ ఇదొక్కటే సూత్రం.

సున్నాలు లెక్కపెట్టడంలో తడబడకుండా ఒక ఉపాయం. కిలో ఓములను మైక్రోఫారడ్లతో గుణిస్తే జవాబు నేరుగా మిల్లీసెకన్లలో వస్తుంది. 159ని ఆ మిల్లీసెకన్లతో భాగిస్తే హెర్ట్జ్ వస్తాయి. 10 కిలో ఓములు, 0.1 మైక్రోఫారడ్ అయితే 10 × 0.1 = 1 మిల్లీసెకను. కటాఫ్ 159 హెర్ట్జ్. కాగితం అక్కరలేదు.

ఈ రెండూ మీరే చేయండి.
అ) 4.7 కిలో ఓములు, 0.01 మైక్రోఫారడ్.
ఆ) 100 కిలో ఓములు, 0.1 మైక్రోఫారడ్.

జవాబులు: అ) 0.047 మిల్లీసెకను, సుమారు 3,390 హెర్ట్జ్. సాధారణ టెలిఫోన్ మాటకు కేటాయించిన పరిధి 300 నుంచి 3,400 హెర్ట్జ్ అని గుర్తుంటే, ఈ విలువలు దాని పై హద్దుకు సరిపోతాయని చెప్పవచ్చు. ఆ) 10 మిల్లీసెకన్లు, సుమారు 16 హెర్ట్జ్. మనిషి చెవికి వినిపించేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి కనుక, దీన్ని హై పాస్‌గా పెడితే ఆడియో ఆంప్లిఫయరులో డీసీని ఆపి శబ్దాన్ని దాటనిస్తుంది.

4. సగం అనకండి

కటాఫ్ దగ్గర రెసిస్టెన్స్, రియాక్టెన్స్ సమానం. "అయితే అవుట్‌పుట్ ఎంత?" అని అడిగితే "సగం" అని నోరు జారేవారే ఎక్కువ. సరైన జవాబు 0.707 వంతు, అంటే 70.7 శాతం. 10 వోల్టులు ఇస్తే 7.07 వోల్టులు వస్తాయి.

కారణం ఇది. రెసిస్టరు మీది వోల్టేజికీ కెపాసిటరు మీది వోల్టేజికీ మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. వాటిని మామూలుగా కూడకూడదు, లంబకోణ త్రిభుజం భుజాల్లా కూడాలి. రెండు భుజాలూ 7.07 అయితే కర్ణం 10. పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ పనికొచ్చింది. సగమయ్యేది పవరు, ఎందుకంటే 0.707ను దానితోనే గుణిస్తే 0.5. దీన్నే మైనస్ 3 డెసిబెల్స్ అంటారు. ఈ చోట లో పాస్ అవుట్‌పుట్ ఇన్‌పుట్ కన్నా 45 డిగ్రీలు వెనుక ఉంటుంది, హై పాస్ అవుట్‌పుట్ 45 డిగ్రీలు ముందు ఉంటుంది.

5. కామర్సు లెక్క ఎక్కడ వచ్చింది?

ఇంతవరకు ఫ్రీక్వెన్సీ వైపు నుంచి చూశాం. అదే సర్క్యూటును కాలం వైపు నుంచి చూడండి. ఆర్‌ను సితో గుణించగా వచ్చిన 1 మిల్లీసెకనును టైమ్ కాన్‌స్టంట్ అంటారు. ఖాళీ కెపాసిటరుకు 10 వోల్టులు తగిలిస్తే ఒకేసారి నిండదు.

ఖాతాలు రాసినవారికి తగ్గుతున్న నిల్వల పద్ధతి తెలుసు. యంత్రం మీద తరుగుదలను ప్రతి ఏడాదీ మొదటి ధర మీద కాక, మిగిలిన విలువ మీద వేస్తారు. అందుకే తొలి ఏడాది ఎక్కువ తరుగుతుంది, తరువాత తక్కువ తక్కువగా తరుగుతుంది, ఎన్నటికీ పూర్తిగా సున్నా కాదు. కెపాసిటరులో ఇంకా నిండవలసిన వోల్టేజిని యంత్రం విలువ అనుకోండి. ఒక్కొక్క టైమ్ కాన్‌స్టంట్‌కు మిగిలినదానిలో 63.2 శాతం తరిగిపోతుంది.

మొదట - మిగిలినది 10 వోల్టులు, నిండినది 0
1 మిల్లీసెకనుకు - మిగిలినది 3.68, నిండినది 6.32
2 మిల్లీసెకన్లకు - మిగిలినది 1.35, నిండినది 8.65
3 మిల్లీసెకన్లకు - మిగిలినది 0.50, నిండినది 9.50
5 మిల్లీసెకన్లకు - మిగిలినది 0.07, నిండినది 9.93

తేడా ఒక్కటే. మనం తరుగుదల ఏడాది చివర వేస్తాం, కెపాసిటరు క్షణక్షణం వేస్తుంది. అందువల్లనే ఈ లెక్కలో 2.718 అనే సంఖ్య వస్తుంది. 1ని 2.718తో భాగిస్తే 0.368, అదే మిగిలిన భాగం. 5 టైమ్ కాన్‌స్టంట్లకు కెపాసిటరు నిండినట్టే లెక్క అనడానికి కారణం పై పట్టికలోనే ఉంది.

6. తరువాత అడిగే ప్రశ్నలు

ప్రశ్న: కటాఫ్ దాటాక ఎంత వేగంగా తగ్గుతుంది?
జవాబు: లో పాస్‌లో ఫ్రీక్వెన్సీ 10 రెట్లు అయిన ప్రతిసారీ 20 డెసిబెల్స్, అంటే వోల్టేజి సుమారు పదో వంతుకు. 1,590 హెర్ట్జ్ దగ్గర మన ఫిల్టరులో 10 వోల్టులకు వచ్చేది సుమారు 1 వోల్టు. ఒక్కసారిగా కోసినట్టు ఆగదని తప్పక చెప్పండి.

ప్రశ్న: అవుట్‌పుట్‌కు 10 కిలో ఓముల లోడు తగిలిస్తే లో పాస్‌లో ఏమవుతుంది?
జవాబు: రెండు మార్పులు. డీసీ దగ్గరే అవుట్‌పుట్ సగమవుతుంది. కెపాసిటరుకు రెండు 10 కిలో ఓములూ పారలెల్‌లో కనబడతాయి కనుక రెసిస్టెన్స్ 5 కిలో ఓములై కటాఫ్ 318 హెర్ట్జ్‌కు పోతుంది. అందుకే లోడు కనీసం 10 రెట్లు పెద్దదిగా ఉండాలంటారు, లేదా మధ్యలో ఆప్ ఆంప్ బఫరు పెడతారు.

ప్రశ్న: బఫరుతో రెండు ఒకే రకం లో పాస్ ఫిల్టర్లు వరుసగా పెడితే పాత కటాఫ్ దగ్గర అవుట్‌పుట్ ఎంత?
జవాబు: 0.707 × 0.707, అంటే 0.5. అక్కడ మైనస్ 6 డెసిబెల్స్. కనుక మొత్తం ఫిల్టరుకు మైనస్ 3 డెసిబెల్స్ ఫ్రీక్వెన్సీ పాతదానికన్నా కిందికి జరుగుతుంది. కటాఫ్ దాటి బాగా పైకి వెళ్ళాక తగ్గుదల 10 రెట్లకు 40 డెసిబెల్స్.

ప్రశ్న: స్క్వేర్ వేవ్ ఇస్తే?
జవాబు: లో పాస్‌లో అంచులు గుండ్రబడతాయి. హై పాస్‌లో టైమ్ కాన్‌స్టంట్ చిన్నదైతే అంచుల దగ్గర సూదుల్లాంటి పల్స్‌లు మిగులుతాయి. లో పాస్‌లో 10 శాతం నుంచి 90 శాతానికి చేరే సమయం టైమ్ కాన్‌స్టంట్‌కు 2.2 రెట్లు.

ప్రశ్న: ఎక్కడ వాడతారు?
జవాబు: స్విచ్చి నొక్కినప్పుడు వచ్చే అదురు పోగొట్టడానికి, అనలాగ్ టు డిజిటల్ కన్వర్టరుకు ముందు అనవసరపు ఎక్కువ ఫ్రీక్వెన్సీలు తగ్గించడానికి లో పాస్. ఆంప్లిఫయరు దశల మధ్య డీసీని ఆపడానికి హై పాస్.

ప్రశ్న: కట్టిన సర్క్యూటులో కటాఫ్ సరిగ్గా 159 వస్తుందా?
జవాబు: రాదు. బంగారు రంగు గీత ఉన్న రెసిస్టరులో 5 శాతం, కెపాసిటరులో 10 నుంచి 20 శాతం దాకా తేడా ఉండవచ్చు. ఈ జవాబు చెప్పినవారు వస్తువులు చేతబట్టి పనిచేశారని అడిగేవారికి తెలిసిపోతుంది.

7. ఇంట్లో చేయదగిన ప్రయోగం

ఆసిలోస్కోపు లేకపోయినా ఇది చేయవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, 100 కిలో ఓముల రెసిస్టరు, 25 వోల్టులకు తట్టుకునే 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు, ఒక డిజిటల్ మల్టీమీటరు చాలు. టైమ్ కాన్‌స్టంట్ 100 × 100 = 10,000 మిల్లీసెకన్లు, అంటే 10 సెకన్లు. కెపాసిటరు మీద గీత ఉన్న కాలు నెగటివ్ వైపు ఉండాలి, తారుమారు చేయకూడదు. ముందుగా దాని రెండు కాళ్ళనూ కలిపి ఖాళీ చేయండి. తరువాత రెసిస్టరు ద్వారా బ్యాటరీ తగిలించి, కెపాసిటరు మీద మీటరు పెట్టి, గడియారం చూస్తూ 10 సెకన్లకొకసారి వోల్టేజి రాసుకోండి. బ్యాటరీ సరిగ్గా 9 వోల్టులుంటే 10 సెకన్లకు సుమారు 5.7, 20కి 7.8, 30కి 8.55 రావాలి. కొంచెం అటూ ఇటూ వస్తే, ఎందుకు వచ్చిందో పై జవాబులో చూశారు.

రేకుల పెట్టెలో పడి ఉన్న విడిభాగాలు గుర్తించడమూ నేర్చుకోండి. 104 అని ఉన్న చిన్న కెపాసిటరు అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, 1,00,000 పికోఫారడ్లు, అదే 0.1 మైక్రోఫారడ్. గోధుమ, నలుపు, నారింజ గీతల రెసిస్టరు 10 కిలో ఓములు.

8. చెప్పే పద్ధతి

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, కాలేజీలో ఇంగ్లీషు. ఇంటర్వ్యూలో విషయం తెలియక కాదు, మాట వరుస కుదరక తడబడతారు. వరుస ఇలా పెట్టుకోండి: అవుట్‌పుట్ ఎక్కడ, సున్నా ఫ్రీక్వెన్సీలో ఏమిటి, ఎక్కువలో ఏమిటి, కనుక పేరేమిటి, హద్దు ఎంత, ఎక్కడ వాడతారు. ఆరు చిన్న వాక్యాలు. ముందు తెలుగులో ఇంట్లోవారికి చెప్పండి. అక్కడ తడుముకోకుండా వస్తే, అవే ఆరు వాక్యాలు ఇంగ్లీషులో రాసుకుని బిగ్గరగా చదవండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు ఎలక్ట్రానిక్స్ తెలియనవసరం లేదు. కాగితం మీద ఈ బొమ్మ గీయించి "ఇది ఏం చేస్తుందమ్మా?", "ఇవి తారుమారు చేస్తే ఏమవుతుంది నాయనా?" అని రోజూ పది నిమిషాలు అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డ, బల్లకు అవతల కూర్చున్నవారికీ చెప్పగలుగుతుంది.