గిటార్ కొనే ముందు స్కేలు పట్టండి

మీలో గిటార్ నేర్చుకోవాలన్న కోరిక ఎంతమందికి ఉంది? యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, పంజాగుట్ట వీధుల్లో సాయంత్రం పూట నడిస్తే ఏదో ఒక మేడమీది గదిలోంచి గిటార్ సాధన వినిపిస్తూనే ఉంటుంది. పండుగలకు చేతిలో పెట్టిన డబ్బులు కూడబెట్టి గిటార్ కొనుక్కునే పిల్లలు చాలామందే ఉన్నారు. కాని వాటిలో కొన్ని ఆరు నెలలు తిరక్కుండానే బీరువా మీదికి ఎక్కుతాయి. "వీడికి శృతిజ్ఞానం లేదు, సంగీతం వీడికి రాదు" అని పెద్దలు తీర్పు చెప్పేస్తారు. పిల్లవాడూ అదే నమ్ముతాడు.

ఆ తీర్పు అన్నిసార్లూ న్యాయమైనది కాదు. లోపం చెవిలో కాక చెక్కలో ఉండవచ్చు. గిటార్ శృతిగా పలకాలంటే కొన్ని కొలతలు సరిగా ఉండి తీరాలి. అవి తప్పిన వాయిద్యం మీద ఎవరు వాయించినా అపశృతే పలుకుతుంది. ఆ కొలతల వెనక ఉన్న భౌతికశాస్త్రం మీ తరగతి పాఠాల్లోనిదే. అది తెలిస్తే మీ పుస్తకాల సంచిలోని స్కేలుతోనే గిటార్‌ను పరీక్షించవచ్చు. ఒంటి తీగ గిటార్‌ను మీరే తయారు చేసుకోవచ్చు కూడా.

తీగ పాటించే మూడు సూత్రాలు

బిగించిన తీగను మీటితే కంపిస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్యే పౌనఃపున్యం. దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. పౌనఃపున్యం పెరిగితే స్వరం హెచ్చుతుంది. తీగ పౌనఃపున్యం మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో వెలువరించిన గ్రంథంలో వీటిని వివరించాడు.

1. తీగ పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది.
2. తీగలోని బిగువు, అంటే తన్యత, నాలుగు రెట్లయితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది.
3. మీటరు తీగకు ఉండే ద్రవ్యరాశి నాలుగు రెట్లయితే పౌనఃపున్యం సగమవుతుంది.

గిటార్‌కు ఆరు తీగలు. సాధారణంగా అన్నిటికన్నా లావైన ఆరో తీగను 82 హెర్ట్జ్‌కు, సన్నని ఒకటో తీగను 330 హెర్ట్జ్‌కు శృతి చేస్తారు. రెండోది మొదటిదానికి నాలుగు రెట్లు. తీగల పొడవు మాత్రం ఒక్కటే. సుమారు 650 మి.మీ.

ఆరో తీగ స్థానంలో కూడా ఒకటో తీగనే కట్టామనుకోండి. పౌనఃపున్యం నాలుగో వంతుకు తగ్గాలంటే బిగువు పదహారో వంతుకు తగ్గాలి. 0.3 మి.మీ. లావున్న ఉక్కు తీగ 330 హెర్ట్జ్ పలకాలంటే దానికి సుమారు 10.5 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు కావాలి. అందులో పదహారో వంతు అంటే ముప్పావు కిలో కూడా లేదు. తీగ వదులుగా ఊగుతుందే తప్ప పలకదు. అందుకని బిగువు తగ్గించకుండా బరువు పెంచుతారు. ఒట్టి లావు తీగ వేస్తే అది కడ్డీలా బిరుసెక్కుతుంది. కాబట్టి సన్నని ఉక్కు తీగ చుట్టూ మరో లోహపు తీగను దగ్గర దగ్గరగా చుడతారు. బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు. లావు తీగలు గోటికి గరుకుగా తగలడానికి కారణం ఇదే.

వీణకు మైనం, గిటార్‌కు లెక్క

ఇక పొడవు సంగతి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలను ఫ్రెట్లు అంటారు. మన వీణ మీద వీటినే మెట్లు అంటాం. తీగను మెట్టు మీద నొక్కితే కంపించే పొడవు తగ్గి స్వరం హెచ్చుతుంది. మెట్టు ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న.

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వారు పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అంతా ఒకే మానులో చెక్కితే దాన్ని ఏకాండి వీణ అంటారు. వీణకు మెట్లు 24, స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఆ మెట్లను చెక్కలో దిగగొట్టరు, మైనంలో కూర్చుతారు. తీగ మీటుతూ, స్వరం సరిగా పలికేదాకా మెట్టును చెవితో వింటూ జరుపుతారు. మైనం పాతబడితే మళ్ళీ మెట్లు అమర్చుకోవచ్చు.

గిటార్ ఫ్రెట్లు అలా కదలవు. వాటిని చెక్కలో గాడి కోసి దిగగొడతారు. గాడి తప్పుచోట కోస్తే ఇక ఆ గిటార్ బతుకంతా అపశృతే. అందుకే గిటార్ చేసేవాడు చెవికన్నా ముందు లెక్కను నమ్ముకోవాలి.

లెక్క ఇది. పన్నెండు మెట్లు ఎక్కేసరికి పొడవు సగం కావాలి. ప్రతి మెట్టుకూ పొడవు ఒకే నిష్పత్తిలో తగ్గాలి. అంటే పన్నెండుసార్లు గుణిస్తే 2 వచ్చే సంఖ్య కావాలి. అది 1.0595. మరో విధంగా చెప్పాలంటే, మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తర్వాతి ఫ్రెట్ పెట్టాలి. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో, ల్యూట్ అనే వాయిద్యానికి దీన్నే సుమారుగా 18 అని చెప్పాడు. ఎంత తేడా వస్తుందో చూడండి. 600 మి.మీ. తీగకు పన్నెండో ఫ్రెట్ సరిగ్గా 300 మి.మీ. దగ్గర ఉండాలి. 18తో భాగిస్తూ పోతే అది 297.8 దగ్గర పడుతుంది. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా చెవికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. చెవికి అన్నిటికన్నా హాయిగా వినిపించే అంతర గాంధారం తీగలో అయిదింట నాలుగు వంతులు కంపించినప్పుడు పలుకుతుంది. 600 మి.మీ. తీగ మీద అది 120 మి.మీ. దగ్గర ఉండాలి. గిటార్ లెక్క ప్రకారం మాత్రం నాలుగో ఫ్రెట్ 123.8 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే గిటార్ గాంధారం కాస్త హెచ్చు. వీణ మీద షడ్జం మారదు కాబట్టి మెట్టును చెవికి నచ్చినచోట పెట్టవచ్చు. గిటార్ మీద ఏ ఫ్రెట్ అయినా షడ్జం కావచ్చు. అన్నిటికీ సరిపోవాలంటే అందరూ కొంచెం కొంచెం సర్దుకోవాలి. సమానమైన పన్నెండు మెట్లు ఆ సర్దుబాటే.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

ధర చూసి, రంగు చూసి మోసపోకండి. టేపు తీసుకుని వెళ్ళండి.

సగం పరీక్ష: మెడ చివర తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు, అక్కడి నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటికి కొలవండి. రెండోది మొదటిదానికి సమానంగా గాని, రెండు మూడు మి.మీ. ఎక్కువగా గాని ఉండాలి. ఎక్కువ ఎందుకు? తీగను నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి, బిగువు పెరిగి, స్వరం హెచ్చుతుంది. దాన్ని సరిచేయడానికే ఆ అదనపు పొడవు. తక్కువగా ఉంటే ఆ గిటార్‌ను వదిలేయండి.

గంట పరీక్ష: పన్నెండో ఫ్రెట్‌కు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకి, మీటి, వెంటనే వేలు తీసేయండి. గంట మోగినట్టు సన్నని ధ్వని వస్తుంది. తీగ రెండు సగాలుగా కంపిస్తోందన్న మాట. ఇప్పుడు అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. అనుమానం ఉంటే ఫోన్‌లో శృతి చూపే యాప్ పెట్టి చూడండి.

ఎత్తు పరీక్ష: పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఉక్కు తీగల గిటార్‌కు 2-3 మి.మీ., నైలాన్ తీగలకు 3-4 మి.మీ. ఉంటే చాలు. ఇంకా ఎత్తుంటే వేళ్ళు నొప్పి పెడతాయి. నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగి అపశృతి కూడా పలుకుతుంది.

మోత పరీక్ష: ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి. ఎక్కడైనా జర్రుమంటే ఆ ముందున్న ఫ్రెట్ ఎత్తుగా ఉందనో, మెడ వంగిందనో అర్థం.

ఏ చెక్క మంచిదని అడుగుతారు. తీగ చాలా సన్ననిది, అది గాలిని పెద్దగా కదిలించలేదు. తీగ కంపనాలు బ్రిడ్జి ద్వారా పై పలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తుంది. స్పెయిన్‌లోని టోరెస్ అనే గిటార్ శిల్పి 1862లో పై పలకను మాత్రం చెక్కతో చేసి, వెనక భాగాన్ని, పక్కలను కాగితపు అట్టతో చేశాడు. గిటార్ గొంతు ముఖ్యంగా పై పలకదేనని అలా చూపించాడు. కాబట్టి పై పలకను చూడండి. ధ్వని రంధ్రం అంచును గమనిస్తే అది ఒకే చెక్కో, అతికిన ప్లైవుడ్డో తెలుస్తుంది. పలుచని ఒకే చెక్క బాగా పలుకుతుంది. ఐతే హైదరాబాదు మే నెల ఎండకు అది త్వరగా బీటలు వారుతుంది. రేకుల గదిలోనూ, ఎండలో నిలిపిన కారులోనూ గిటార్‌ను ఉంచకూడదు.

తీగలు మార్చేటప్పుడు

ఉక్కు తీగలు ఆరూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. నైలాన్ తీగలు లాగేది సుమారు 40 కిలోలు. నైలాన్ తీగల కోసం తేలికగా కట్టిన గిటార్‌కు ఉక్కు తీగలు వేస్తే బ్రిడ్జి ఊడి రావచ్చు, మెడ వంగిపోవచ్చు. ఈ ఒక్క నియమం ఎన్నడూ మరవకండి.

తీగలన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. మర ఇరుసుకు రెండు మూడు చుట్లు పడేట్టు తీగ వదలండి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. మెల్లగా బిగించండి, ముఖం తీగకు దూరంగా ఉంచండి. తెగిన తీగ కంటికి ప్రమాదం. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, మళ్ళీ మళ్ళీ శృతి చేయాలి. అది తీగ దోషం కాదు.

ఏ తీగలు వేయాలన్నది పలకవలసిన సంగీతాన్ని బట్టి కూడా ఉంటుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, మాండలిన్‌కు ఉండే నాలుగు జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక సంగీతాన్ని దాని మీద పలికించారు. వాయిద్యాన్ని అర్థం చేసుకున్నవారు దాన్ని మార్చుకోగలరు.

మీరే చేయండి: ఒంటి తీగ గిటార్

వడ్రంగి దుకాణంలో మిగిలిన గట్టి చెక్క ముక్కను అడిగి తెచ్చుకోండి. 80 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం ఉంటే చాలు. గిటార్ రెండో తీగ ఒకటి, బిగించే మర ఒకటి కొనండి. పెద్దల సాయంతో ఒక చివర మరను, రెండో చివర తీగ తగిలించడానికి ఒక స్క్రూను బిగించండి. వాటి మధ్య సరిగ్గా 600 మి.మీ. దూరంలో రెండు చిన్న చెక్క పుల్లలు అడ్డంగా అతికించండి. తీగ వాటి మీదుగా పోవాలి. శృతి 220 హెర్ట్జ్ దాటించకండి. అప్పటికే తీగ ఏడు కిలోల బిగువులో ఉంటుంది.

ముందు చెక్కను చేతిలో పట్టుకుని మీటండి. తర్వాత దాని కింది చివరను ఖాళీ బిస్కెట్ల డబ్బా మీద ఆనించి మీటండి. ధ్వని ఎంత పెరిగిందో విన్నారా? డబ్బా కొత్తగా శక్తిని ఇవ్వలేదు. తీగలోని శక్తినే త్వరత్వరగా గాలికి అందించింది.

ఇప్పుడు అసలు ప్రయోగం. కింది పట్టిక చూడకుండా, తీగ కింద ఒక వెదురు పుల్లను జరుపుతూ పోండి. పుల్ల తీగకు ఆనాలే తప్ప తీగను పైకి లేపకూడదు. పుల్లకు బ్రిడ్జి వైపున్న భాగాన్ని మీటుతూ, చెవికి ప అనిపించిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. మ, గ, పై స కూడా అలాగే గుర్తించండి. తర్వాత నట్ నుంచి దూరాలు కొలిచి పట్టికతో పోల్చండి.

మొదటి ఫ్రెట్ 33.7 మి.మీ.
2వది 65.5
3వది 95.5
4వది 123.8
5వది 150.5
6వది 175.7
7వది 199.5
8వది 222.0
9వది 243.2
10వది 263.3
11వది 282.2
12వది 300.0

విడి తీగను స అనుకుంటే 2, 4, 5, 7, 9, 11, 12 ఫ్రెట్లు శంకరాభరణం పలుకుతాయి. 1, 4, 5, 7, 8, 11, 12 పలికేవి మీ సంగీతం టీచరు సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ స్వరాలు. గీతల మీద సన్నని వెదురు పుల్లలు అతికిస్తే గిటార్ సిద్ధం.

మీ గీతలు ప దగ్గర 200కు, మ దగ్గర 150కి ఒకటి రెండు మి.మీ.లలో పడ్డాయా? గ గీత 124 వైపు కాక 120 వైపు పడిందా? ఐతే గొల్లపల్లి శిల్పి మైనంలో మెట్టు జరిపేటప్పుడు వినేది మీరూ విన్నారు. తేడా ఎక్కువగా వస్తే రోజుకు పది నిమిషాలు వారంపాటు చేసి, ప్రతిరోజూ కొలత రాసుకోండి. తేడా ఏమవుతుందో మీరే చూడండి. చెవి కూడా సాధనతో పదునెక్కే పరికరమే.

ఆలోచించండి

1. 650 మి.మీ. తీగకు మొదటి మూడు ఫ్రెట్లు నట్ నుంచి ఎంతెంత దూరంలో ఉండాలి?
2. బ్రిడ్జి దగ్గరకు పోయేకొద్దీ ఫ్రెట్లు దగ్గర దగ్గరగా ఎందుకు వస్తాయి?
3. ఒక గిటార్ మీద పన్నెండో ఫ్రెట్ గంట పరీక్షలో నొక్కిన స్వరం హెచ్చుగా పలికింది. కారణాలు రెండు చెప్పగలరా?