మోరీలో పోసిన ట్రైక్లోరో

లక్డీకాపూల్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేట వైపు వెళ్తే, ఖైరతాబాద్ దాటాక నెక్లెస్ రోడ్ దగ్గర హుస్సేన్ సాగర్ వస్తుంది. ఎండాకాలంలో అయితే కనబడకముందే తెలిసిపోతుంది, కంపుతో. చిన్నప్పటి నుంచి అక్కడ ముక్కు మూసుకోవడమే తెలిసిన నాకు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ (అదే, అందరం పరీక్ష ముందు రోజు రాత్రి చదివే సబ్జెక్ట్) పుణ్యమా అని ఆ కంపు ఎందుకో అర్థమైంది. మురుగు కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్‌ని ఖాళీ చేస్తుంది. అడుగు బురదలో ఇక కొన్ని బ్యాక్టీరియా సల్ఫేట్‌తో ఊపిరి పీల్చి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి.

సల్ఫేట్‌తో ఊపిరేంటి? ఊపిరి అంటే తిండిలోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను చివరికి ఎవరికో ఒకరికి అప్పగించడం. మనం ఆక్సిజన్‌కి ఇస్తాం. ఆక్సిజన్ లేకుండా నడిచేదాన్ని తెలుగు పుస్తకాల్లో అవాయు శ్వాసక్రియ అంటారట. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, నాకు కొత్త మాట. కొన్ని బ్యాక్టీరియా అయితే ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ ఉన్న కెమికల్‌కి ఇస్తాయి.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు ఆయన బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. ఇనుప పార్టుల గ్రీజు వదలాలంటే ట్రైక్లోరోఇథిలీన్‌లో ముంచాలి. షాపులో అందరూ 'ట్రైక్లోరో' అనేవారట. మురికయ్యాక ఏం చేసేవాళ్లని అడిగా.

"మోరీల పోస్తుంటిమి. ఇంకేడ పోస్తం?"

ఆ మోరీలు కూకట్‌పల్లి నాలాలోకి, నాలా హుస్సేన్ సాగర్‌లోకి. ట్రైక్లోరో కొంత గాలిలో కలుస్తుంది. మిగిలింది లీటరు దాదాపు కిలోన్నర బరువు, అందుకే కిందికే దిగుతుంది.

దాని అణువులో మూడు క్లోరిన్లు. డ్రై క్లీనింగ్‌లో వాడే దాని అన్న టెట్రాక్లోరోలో నాలుగు. బ్యాక్టీరియా ఒక్కో క్లోరిన్‌ని పీకి ఆ చోట హైడ్రోజన్ పెడతాయి. 4, 3, 2, 1, 0. సున్నా దగ్గర మిగిలేది ఇథిలీన్, మామిడికాయల్ని మగ్గబెట్టే గ్యాసే.

కానీ లూప్ చివరిదాకా నడవాలిగా! చాలా బ్యాక్టీరియా 2 దగ్గరే చేతులెత్తేస్తాయి. 1 దగ్గర ఆగితే మొదటికే మోసం. అది వినైల్ క్లోరైడ్, మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం.

చివరిదాకా వెళ్లేదని పేరున్నది డీహాలోకొకాయిడీస్. 1997లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఇథాకా ఊరి మురుగునీటి ప్లాంట్ బురదలోంచి దాన్ని వేరుచేశారు. జీనోమ్ సుమారు 14.7 లక్షల అక్షరాలే, ఈ-కోలైలో మూడో వంతు కూడా కాదు. అందుకే అన్నీ పక్కవాళ్ల దగ్గర అప్పు. హైడ్రోజన్ ఒకరివ్వాలి, బి12 విటమిన్ ఇంకొకరివ్వాలి. (మా ప్రాజెక్ట్ డిపెండెన్సీలు గుర్తొచ్చాయి. ఒక్కటి లేకపోయినా ఏదీ రన్ అవదు.) ఆక్సిజన్ తగిలితే పని బంద్. పైగా కంపు పుట్టించే ఆ సల్ఫేట్ బ్యాచ్ కూడా అదే హైడ్రోజన్ కోసం పోటీకొస్తుంది. అమెరికాలో ట్రైక్లోరో పట్టిన భూగర్భజలంలోకి మొలాసిస్, సోయా నూనె లాంటివి పంపు చేస్తారు. అవి పులిసి హైడ్రోజన్ వస్తుంది, ఉన్న ఆక్సిజనూ అయిపోతుంది. ఈ బ్యాక్టీరియా లేని చోట పెంచి మరీ వదులుతారు.

పోయిన ఆదివారం నాన్నతో అదే ట్రైన్‌లో వస్తూ ఇదంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు. "ఒకటి కాడ ఆగితే?"

వినైల్ క్లోరైడ్ పేరు మళ్లీ చెప్పాను. నెక్లెస్ రోడ్ వచ్చింది. ఎప్పుడూ నాకన్నా ముందు కర్చీఫ్ తీసే మనిషి, ఆ రోజు తీయలేదు.