ఉతుకు చీటీ లేని బట్టలు

హెర్న్‌డన్, నవంబరు

బుజ్జమ్మా,

నీ క్రోషే కార్డిగన్ ఎలా ఉతకాలని కాదు, అసలు ఉతకొచ్చా అని అడిగావు. చేత్తో అల్లిన వాటి దగ్గర అందరికీ ఉండే భయమే ఇది. ఉతికితే పాడవుతుందని భద్రంగా మడిచి పెట్టేస్తారు. నన్నడిగితే అల్లికని ఎక్కువగా పాడుచేసేది ఆ భద్రమే. ఒంటి నూనె, చెమట పైకి కనిపించకుండా దారంలో ఉండిపోతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ నూనె గాలితో కలిసి పసుపుపచ్చ మరకై తేలుతుంది, అప్పుడిక సబ్బుకి లొంగదు. ఉన్నిని కొట్టే చిమ్మట పురుగులు కూడా చెమట, తిండి మరకలు ఉన్నచోటే ముందు మొదలుపెడతాయి. శుభ్రమైన ఉన్ని వాటికి అంత రుచించదు.

‘అమ్మమ్మ లేసు దుప్పటి ఉతక్కుండానే ఇన్నేళ్లు ఉందిగా’ అంటావేమో. ఆ లేసు పుట్టిన నరసాపురానికి వెళ్లి చూడు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరిన పని అది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి పనుల మధ్య, అరుగుల మీద కూర్చుని ముక్కలు ముక్కలుగా అల్లుతారు. అతుకుపని వేరొకరు చేస్తారు. అన్ని చేతులు మారిన తెల్ల నూలు మాయకుండా ఎలా ఉంటుంది? అందుకే ఉతికి, ఇస్త్రీ చేసి గానీ బయటి దేశాలకు పంపరు. అంటే ఆ దుప్పటి మీ ఇంటికి రాకముందే ఒకసారి నీళ్లలో మునిగి లేచింది. పైగా నూలు పోగు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. నీటికి భయపడాల్సింది నూలు కాదు, రేయాన్. వెదురు దారమని అమ్మేది కూడా చాలావరకు రేయానే, అది తడిలో బలం కోల్పోతుంది.

మరి ఉతికేటప్పుడు పాడుచేసేదేమిటంటే బరువు, రాపిడి, వేడి. తడిసిన కార్డిగన్‌ని భుజాలు పట్టుకుని టబ్బులోంచి ఎత్తి చూడు. గుండ్రంగా ఉన్న కన్నాలు కోలగా సాగుతాయి, చేతులు మోకాళ్ల దాకా దిగుతాయి. మగ్గం బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. అల్లికలో ఉన్నవన్నీ ఉచ్చులే, నీళ్ల బరువు ఎటు లాగితే అటు పోతాయి. అందుకే చల్లటి నీళ్లలో పావుగంట నాననివ్వు, రుద్దకు. మురికి వదలడానికి బలం కంటే సమయం ముఖ్యం. తీసేటప్పుడు రెండు అరచేతులూ అడుగున పెట్టి పసిపిల్లని ఎత్తినట్టు మొత్తంగా ఎత్తు. పిండకుండా తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి అదుము. తర్వాత కొలత ప్రకారం సర్ది, పరిచి ఆరబెట్టు. ఇక్కడ అమెరికాలో చాలా కాలనీల్లో బయట తీగ కట్టనివ్వరని మనవాళ్లు విసుక్కుంటారు గానీ, అల్లిక విషయంలో ఆ నిబంధన మన మేలుకే.

మెషీన్‌లో ‘డెలికేట్’ మీట ఉందిగా అంటావు. అది తిప్పుడు తగ్గిస్తుందే కానీ ఆపదు. ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. తడి, కదలిక, వేడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కంబళిలా బిగుస్తుంది. ఒకసారి బిగిస్తే మళ్లీ విడదు. మెషీన్ కోసం శుద్ధిచేసిన సూపర్‌వాష్ ఉన్నికి ఆ బెడద తక్కువ, కానీ తడిస్తే బాగా సాగుతుంది. అక్రిలిక్ మెషీన్‌ని తట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. దాని శత్రువు ఇస్త్రీపెట్టె. ఆవిరి గట్టిగా తగిలితే సాగుడు చచ్చి, చప్పగా వేలాడుతుంది. ఇక డ్రైక్లీనింగ్ అంటావా, ఆ ద్రావకం నూనె మరకల్ని లాగుతుంది గానీ చెమట ఉప్పు వదలాలంటే నీళ్లే కావాలి.

సబ్బు సంగతికొస్తే, మామూలు డిటర్జెంట్లలో క్షారం, చాలావాటిలో ప్రొటీన్‌ని కరిగించే ఎంజైములు ఉంటాయి. ఉన్ని, పట్టు ప్రొటీన్లే కదా! వాటికి ఉన్ని బట్టల లిక్విడ్ వాడు. పొటోమాక్ నది నుంచి మన కుళాయికి వచ్చే నీళ్లు కాస్త కఠినమైనవే. బార్ సబ్బు వాడితే తెల్లటి తెట్టు కన్నాల్లో పేరుకుంటుంది. కుంకుడు రసం ఉన్నికి, పట్టుకి బాగానే ఉంటుంది, తెల్ల నూలుకి మాత్రం రంగు పడుతుంది. లేసుకి గంజి పెడితే అందమే, కానీ గంజితో దాచకు. మడతల దగ్గర విరుగుతుంది, సిల్వర్ ఫిష్‌కి విందవుతుంది.

దుకాణం చొక్కాకి మెడ దగ్గర ఎలా ఉతకాలో చెప్పే చీటీ ఉంటుంది. 1972 నుంచి ఈ దేశంలో తయారీదార్లకి ఆ బాధ్యత ఉంది. నీ కార్డిగన్‌కి ఆ చీటీ రాయాల్సింది నువ్వే. దారం ఉండకి చుట్టిన, దారం రకం చెప్పే కాగితం పట్టీని పారేయకు. మిగిలిన దారంతో అరచేతి వెడల్పు ముక్క అల్లి, ముందు దాన్ని ఉతికి చూడు. ఎవరికైనా బహుమతిగా ఇచ్చేటప్పుడు ఆ పట్టీ, ఆ ముక్క, రెండు గజాల దారం ఒక కవర్లో పెట్టి జతచెయ్యి.

పెద్దమ్మ