హబ్షీలు

హిందూపురము నుండి ధర్మవరమునకు పోవు రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చుండినవారికి నడిదారిలో పెనుకొండ కానవచ్చును. బండరాళ్ల కొండ, దానిని చుట్టిన కోటగోడలు, క్రింద ఊరు. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగర సైన్యము ఓడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. ఈ చిన్న ఊరిలో పార్శ్వనాథుని జైన బసది కలదు. రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే కలవు. షేర్‌ఖాన్ మసీదు కలదు. బాబయ్యస్వామి దర్గాలో ఏటేట ఉరుసు జరుగును. ఆ దినములలో ముస్లిములతోపాటు చుట్టుపట్ల పల్లెల హిందువులును వచ్చి, చక్కెర చదివించి, పిల్లల చేతులు పట్టుకొని అంగళ్ల వెంట తిరుగుదురు. ఎవరి దేవుడెవరని ఆనాడు ఎవరును అడుగరు.

దక్కను దేశమున పలు జాతులవారు, పలు మతములవారు కలిసి బ్రదికిరని చెప్పుట మనకు వాడుక. అట్లు చెప్పునపుడు ఒక జాతివారిని మాత్రము తరచుగా మరచుచుందుము. 16వ శతాబ్దిలో పెనుకొండను ముట్టడించిన బిజాపురపు సుల్తానుల కొలువున ఆ జాతివారు సేనానులుగను, మంత్రులుగను వెలసిరి. వారే హబ్షీలు. సిద్దీలనియు వారికి పేరు.

ఆఫ్రికా ఖండము తూర్పు భాగమున నేడు ఇథియోపియా అనబడు దేశమును అరబ్బులు హబష్ అనిరి. ఆ పేరునుండి హబ్షీ అను మాట పుట్టినది. పల్లెలపై దాడిచేసి పట్టితెచ్చిన బాలురను సంతలలో అమ్ముట, ఓడలలో ఎక్కించి పరదేశములకు పంపుట శతాబ్దులపాటు సాగిన వర్తకము. అరబ్బు వర్తకులు, పిమ్మట పోర్చుగీసువారు అట్టివారిని మన పడమటి తీరమునకు తెచ్చిరి. సుల్తానులు వారిని కొని సైన్యములలో చేర్చుకొనిరి. దక్కనులో యజమాని మరణించిన పిమ్మట దాసునకు స్వేచ్ఛ లభించుటయు, అతడు సేనానాయకుడగుటయు కలదు. కొందరు అట్లు పైకి వచ్చిరన్నంతమాత్రమున ఆ వర్తకము ధర్మమని ఎవరును తలపరాదు. తల్లి ఒడినుండి లాగబడిన బిడ్డ పెరిగి పెద్దయై మంత్రి కావచ్చును. ఆ తల్లికి ఆ సంగతి తెలియదు గదా!

ఇట్టివారిలో అగ్రగణ్యుడు మాలిక్ అంబర్. ఇతడు సుమారు 1548లో ఇథియోపియాలో జన్మించెను. చిన్ననాట పెట్టిన పేరు చాపు. బానిసగా చేతులు మారి బాగ్దాదు చేరెను. అచటి వర్తకుడొకడు ఇతని తెలివిని గుర్తించి చదువు చెప్పించి అంబర్ అని పేరు పెట్టెను. పిమ్మట దక్కనునకు తేబడి, అహమ్మదునగరపు మంత్రియైన చెంగీజ్‌ఖాను చేతికి అమ్ముడుపోయెను. ఆ చెంగీజ్‌ఖాను తానును ఒకప్పుడు బానిసగా వచ్చిన హబ్షీయే! రాచకార్యములన్నియు అంబర్ ఆయన యొద్దనే నేర్చెను. ఆయన మరణించిన పిమ్మట ఇతనికి స్వేచ్ఛ లభించెను.

1600లో అక్బరు సేనలు అహమ్మదునగరపు కోటను పట్టుకొనినవి. రాజ్యము ముగిసెనని అందరును తలచిరి. అంబర్ అట్లు తలపలేదు. నిజాంషాహీ వంశమువాని నొకని సింహాసనమున నిలిపి, మహారాష్ట్ర ఆశ్వికులను కూర్చుకొని మొగలులను ఎదిరించెను. శివాజీ తాతగారైన మాలోజీ భోంస్లే ఇతని కొలువులోనివాడే. మొగలుల సేన పెద్దది. ఏనుగులు, ఫిరంగులు, గుడారములతో మెల్లగా కదలునది. అంబర్ దానిని ఎదురుగ ఢీకొనక, కొండకనుమలలో పొంచియుండి, ధాన్యపు బండ్లను కొల్లగొట్టి, రాత్రివేళ విరుచుకపడి తెల్లవారునప్పటికి మాయమయ్యెడివాడు. 1624లో భాత్వాడి యొద్ద మొగలులును బిజాపురమువారును ఏకమై వచ్చినను ఇతనిని గెలువలేకపోయిరి.

జహంగీరు చక్రవర్తికి ఇతడు కంటిలో నలుసు. యుద్ధమున చిక్కనివానిని చిత్రమునందైనను కొట్టవలెనని కాబోలు, చక్రవర్తి భూగోళముపై నిలిచి ఈటెకు గ్రుచ్చిన అంబర్ తలపై బాణము వేయుచున్నట్లు అబుల్ హసన్ అను చిత్రకారుడు ఒక చిత్రము గీసెను. అది నేడు డబ్లిను నగరములోని చెస్టర్ బీటీ గ్రంథాలయమున నున్నది. అంబర్ మాత్రము ఏ బాణపు దెబ్బకును గాక, ముసలితనమున 1626లో మరణించెను. అతడు 1610లో కట్టించిన ఖడ్కీ పట్టణమే తరువాత ఔరంగాబాదు అయినది. 2023 నుండి దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్. నీరు లేని ఆ మెట్టనేలకు భూమిలోపల కాలువలు త్రవ్వించి నీరు తెప్పించినవాడు అతడే. నహరె అంబరీ అని ఆ కాలువకు పేరు.

రాయలసీమలోనే ఇట్టి మరియొక పురుషుడు కలడు. ఆదవానిని ఏలిన సిద్దీ మసూద్‌ఖాను హబ్షీ వంశమువాడు. బిజాపుర రాజ్యము క్షీణించు దినములలో కొంతకాలము అచటి పరిపాలనాభారమును వహించి, వేసరి ఆదవానికి తిరిగివచ్చెను. అతడు కట్టించిన జామియా మసీదు నేటికిని ఆదవానిలో కలదు. 1688లో ఔరంగజేబు సేనలు ఆదవానిని ముట్టడించినపుడు కోట లొంగలేదట. అంతట మొగలు సేనాని ఫిరంగులను కోటవైపు గాక మసీదువైపు త్రిప్పించెను. తన ప్రాణముకంటె మిన్నగా చూచుకొనిన ఆ కట్టడము కూలునని తలచి మసూద్‌ఖాను కోటను అప్పగించెనని అచటివారు చెప్పుకొందురు. కోట తలుపులు తెరచుట పిరికితనమా, కాదా అని పిల్లలు తమలో తాము వాదించుకొనవచ్చును.

19వ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశ్వరుడైన రాజా రామేశ్వరరావు ఆఫ్రికావారితో ఒక దళమును కూర్చెను. అది తరువాత నైజాము కొలువున చేరి ఆఫ్రికను ఆశ్వికదళ మయ్యెను. వారు కాపురమున్న పేటనే హైదరాబాదులో నేడు ఏ.సీ. గార్డ్స్ అందురు. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట దళము రద్దయినది. గుఱ్ఱములు పోయినవి, జీతములు పోయినవి. కుటుంబములు మాత్రము ఆ వీథులలోనే నిలిచిపోయినవి. కొందరు చేతిపనులలో కుదిరిరి. కొందరు మరఫా వాయించి బ్రదికిరి. హద్రమౌతు దేశపు అరబ్బులతో వచ్చిన ఈ వాద్యము సిద్దీల చేతిలో హైదరాబాదు సొత్తయినది. పెండ్లి ఊరేగింపులో డప్పులు మ్రోగగా కత్తులు త్రిప్పుచు వారు చిందులు వేయుదురు. ఆ పెండ్లివారు హిందువులైనను కావచ్చును, ముస్లిములైనను కావచ్చును.

అమెరికాలోని నల్లవారి కథయు ఇట్టిదే, కాని మిక్కిలి కఠినమైనది. బానిసలుగా నుండి విడుదల పొందిన తల్లిదండ్రులకు 1875లో పుట్టిన కార్టర్ వుడ్సన్ అను బాలుడు బొగ్గుగనులలో కూలిపని చేసెను. ఆలివర్ జోన్స్ అను తోటి కూలి ఇంటిలో సాయంకాలము గనివారు కూడుదురు. జోన్స్‌కు చదువు రాదు గాని వార్తాపత్రికలు తెప్పించును. వుడ్సన్ వానిని చదివి వినిపింపగా, ఆ ముసలివారు తాము కన్న యుద్ధములను, పడిన పాట్లను చెప్పుకొనెడివారు. ఆ మాటలేవియు బడి పుస్తకములలో లేవని అతడు గ్రహించెను. ఇరువదియవ యేట ఉన్నతపాఠశాలలో చేరి, 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. 1926 ఫిబ్రవరిలో నల్లవారి చరిత్రకై ఒక వారోత్సవమును ప్రారంభించెను. అది 1976 నుండి నెల పొడుగునను జరుగుచున్నది. నగరములందు ఊరేగింపులు, ప్రదర్శనములు, సంగీతసభలు ఏర్పాటగును.

మన దేశపు సిద్దీలును ఊరక లేరు. గోవాలోని పోర్చుగీసువారి చెరనుండి తప్పించుకొని కర్ణాటకపు ఉత్తర కన్నడ జిల్లా అడవులలో చేరినవారి సంతతి యల్లాపురము, హళియాళము ప్రాంతములందు కలదు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ముగ్గురును కలరు. డమామి అను డోలు మ్రోగినపుడు ముగ్గురును కలిసి ఆడుదురు. 2003లో వారిని షెడ్యూల్డు తెగల పట్టికలో చేర్చిరి. 2020లో శాంతారాం సిద్దీ కర్ణాటక శాసనమండలిలో సభ్యుడయ్యెను. సిద్దీలలో శాసనసభామందిరమున అడుగిడిన మొదటివాడు ఆయనయే.

హైదరాబాదులో హబ్సిగూడ అను పేట కలదు. ఆ పేరు వ్రాసిన బల్ల తగిలించుకొని బస్సులు దినమెల్ల తిరుగుచుండును. దిగువారు దిగుచుందురు, ఎక్కువారు ఎక్కుచుందురు. పేరు ఎవరిదని అడుగు బాలుడు ఏ బస్సులోనైన ఒకడుండకపోడు.