సోడానీరు

కడప జిల్లాలోని ముద్దనూరు ఒక కూడలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు పోవు త్రోవలు అచట కలియును. చెన్నై–ముంబయి రైలుమార్గము కూడ ఆ యూరి మీదుగనే సాగును. వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో బస్సు దిగిన ప్రయాణికుడు మొదట వెదకునది నీడ; పిదప నిమ్మకాయ సోడా. సోడాబండివాడు గోలీసీసాలపై తడిగోనె కప్పియుంచును. త్రాగువారికి చల్లగ నుండుటకే యని చూచువారు తలంతురు. దానికి మఱియొక ప్రయోజనము కూడ కలదు.

సోడాలో ముఖ్యముగ నుండునవి రెండు: నీరు, బొగ్గుపులుసు వాయువు. దీనినే కార్బన్ డై ఆక్సైడు అందురు. పూర్వము సోడాయుప్పు కూడ కలిపెడివారు. నేటి గోలీసోడాలో సామాన్యముగ పేరు మాత్రమే మిగిలినది. ఈ వాయువును ముద్దనూరు బాలురు దూరమున వెదకనక్కఱలేదు. ఇండ్లలో పఱచెడి కడప బండలు సున్నపురాళ్లే. ఆ రాతిపొడిపై నిమ్మరసము పిండినచో సన్నని బుడగలు లేచును. ఆ బుడగలలోనిది ఈ వాయువే. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ 1750 తరువాతి సంవత్సరములలో దీనిని పరిశోధించి, రాతియందు బంధింపబడియుండు గాలి యగుటచే 'స్థిరవాయువు' అని వ్యవహరించెను.

దీనిని నీటిలో కలిపి చూచినవాడు ఇంగ్లండులోని జోసెఫ్ ప్రీస్ట్లీ. 1767లో ఆయన లీడ్సు పట్టణమున బీరు కాచెడి యొక కర్మశాల ప్రక్కన కాపురముండెను. పులియుచున్న బీరు తొట్టెలపై ఒక గాలి నిలిచి, వెలుగుచున్న పుల్లలను ఆర్పివేయుట ఆయన గమనించెను. ఆ తొట్టెమీదనే నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి పలుమాఱులు పోసి రుచి చూచెను. నీటికి చుఱుకైన రుచి వచ్చెను. 1772లో సుద్దను గంధకామ్లముతో కలిపి ఆ నీటిని చేయు పద్ధతిని ఒక చిన్న పుస్తకముగ ప్రకటించెను. ఓడవారి స్కర్వీ వ్యాధికి ఇది మందగునని ఆయన ఆశపడెను గాని, ఆ యాశ నెరవేరలేదు. ఆయన దానితో వ్యాపారము చేయలేదు. ఆ పని జెనీవాలో జేకబ్ ష్వెప్ చేసెను.

అయితే నీటిలో చేరిన వాయువు అందు నిలుచుటెట్లు? 1803లో విలియం హెన్రీ దీనికి సూత్రము చెప్పెను. వాయువును ఎంత యొత్తిడితో నీటిపై నదిమిన, అంతకు తగినంతయే నీటిలో కరగును. ఒత్తిడి తీసినంతనే లేచిపోవును. వేడిమి దీనికి శత్రువు. సాధారణ పీడనమున సున్న డిగ్రీల చల్లని నీరు లీటరొక్కింటికి సుమారు 1.7 లీటర్ల వాయువును కరగించుకొనును. 40 డిగ్రీల నీరు అర లీటరుకు కొంచెము మించి మాత్రమే. సీసా ఎండలో కాగినకొలది లోని వాయువు వెలికి రాజూచి గాజును నెట్టును. ఆ సీసాలు పగిలి చేతులకు, కన్నులకు గాయములు కలుగవచ్చును. తడిగోనె రహస్యమిదియే.

గోలీసీసా మిక్కిలి తెలివైన వస్తువు. ఇంగ్లండు దేశీయుడు హైరమ్ కాడ్ రూపొందించిన ఈ సీసా 1870 ప్రాంతమున వెలువడెను. దానికి మూతయే లేదు. సీసాలో నీరు పోసి, వాయువు నెక్కించి, యంత్రమున తలక్రిందులు చేసినచో గోలీ మెడలోని రబ్బరు కట్టుమీదికి జాఱును. లోని వాయువే దానిని బిగించి పట్టును. బొటనవ్రేలితో గోలీని నొక్కగనే 'కీచు'మని గాలి పోవును. మెడక్రింది నొక్కు త్రాగునపుడు గోలీని వెనుకకు రాకుండ నాపును. ప్లాస్టికు సీసాలు వచ్చిన పిమ్మట దీని వాడుక తగ్గినను, అంతరింపలేదు.

నేడు కొందఱు ఇంటనే సోడా చేసికొనుచున్నారు. 'కెగ్గు' అనెడి ఉక్కు పీపాలో నీరు నింపి, శీతలపేటికలో సుమారు 4 డిగ్రీలకు చల్లార్చి, సిలిండరునుండి చదరపు అంగుళమునకు 30 పౌనుల ఒత్తిడితో వాయువును పంపుదురు. పీపాను ఊపినచో త్వరగ కరగును. కదల్పకున్న కొన్ని దినములు పట్టును. అదే నీరు 40 డిగ్రీల వేడితో నున్నచో, అంత ఘాటు రావలెనన్న 90 పౌనులు దాటవలెను. అది ప్రమాదకరము. ఒత్తిడి ఒక్కసారిగ తొలగి సోడా నురుగై పోకుండుటకు కుళాయికి సన్నని పొడవైన గొట్టమును తగిలింతురు.

ఇందు జాగ్రత్త యంతయు సిలిండరుతోనే. గది వేడిమిలో దానియందు సుమారు 60 వాతావరణముల పీడనముండును. కనుక రెగ్యులేటరు లేక దానిని పీపాకు కలుపరాదు. 31 డిగ్రీలు మించినచో లోని ద్రవము ద్రవముగ నిలువదు; పీడనము మఱింత పెరుగును. ముద్దనూరు వేసవిలో నీడయందు సైత మా వేడిమి దాటును. వాసనలేని యీ వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. మూసిన గదిలో కాఱినచో నేలమట్టమున నిలిచి, అచట నిదురించువారి ప్రాణములు తీయగలదు. కావున సిలిండరును పడుకొను గదిలో గాక, గాలి యాడుచోట గోడకు గొలుసుతో కట్టి నిలువుగ నుంచవలెను.