పికప్ బండికి క్రొత్త దీపములు, ఊరి కొలిమిలోని భాగములు

ఉత్తర తెలంగాణ గ్రామములలో ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిని నేడు పికప్ బండి చేయుచున్నది. ఆదిలాబాదు ప్రాంతపు పత్తి, జగిత్యాల, మెట్‌పల్లి ప్రాంతముల పసుపు, కరీంనగరు ప్రాంతపు వడ్లు, కూరగాయలు, గొఱ్ఱెలు, పెండ్లిసామాను అన్నియు దీనిపైననే కదలుచున్నవి. దీనిని కొందరు ట్రాలీ అందురు, కొందరు బొలెరో అందురు. టాటావారు 2005లో చిన్నబండిని విడుదల చేసిన పిదప 'ఏస్' అను మాటయు వాడుకలోనికి వచ్చినది. ఇంతకంటె కొంచెము పెద్దదైన లారీని మనవారు ఏ కంపెనీదైనను 'డీసీఎం' అనియే పిలుతురు. 1980లలో జపాను టయోటావారితో కలిసి అటువంటి లారీలను చేసిన కంపెనీ పేరది. ఆ పేరుతో లారీలు నేడు తయారగుట లేదు. పేరు మాత్రము మన నోట నిలిచిపోయినది.

బండి కొన్నవాడు దానిని కంపెనీ ఇచ్చిన రూపమున ఉంచుకొనుట అరుదు. మొదట వెల్డింగు దుకాణమునకు పోవును. పత్తి తేలికైన సరుకు గనుక ఎక్కువ పట్టుటకై తొట్టిచుట్టును ఇనుప జాలీ ఎత్తుగా కట్టించును. బరువు మోయుటకు వెనుక కమాన్ పట్టీలు రెండు అదనముగా వేయించును. ముందు లావుపాటి ఇనుప గార్డు, పైన క్యారియరు, వెనుక నిచ్చెన పెట్టించును. తరువాత ఎలక్ట్రీషియను వద్ద ముందు వరుసగా ఎల్.ఇ.డి. దీపములు, పైన ఫోకసు దీపములు, అంచులవెంట రంగురంగుల బుడ్లు అమర్చించును. ఇందులో కొంత అవసరము, కొంత ముచ్చట. ముచ్చటను మేము తప్పుపట్టుట లేదు. తన ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టిన రైతు తన బండిని అలంకరించుకొనుటలో వింత యేమున్నది?

ఇనుముతో పనిచేయు నేర్పు ఈ సీమకు క్రొత్తదియు కాదు. పొరుగుననున్న నిజామాబాదు జిల్లా కోనసముద్రములో కరగించిన ఉక్కు పారశీక దేశపు వర్తకులవరకు పోయినది. నిర్మలలో ఫిరంగులు పోతపోసిరి. నేడు రోడ్డుప్రక్కన వెల్డింగు చేయు మేస్త్రీ చేతిలో ఆ పనితనము కొంత మిగిలియున్నది. కొలతకాగితము లేకుండ కంటితో చూచియే తలుపు, బందు, కొక్కెము చేసియిచ్చుట చిన్న విద్య కాదు. అయితే బండిని రూపొందించిన ఇంజనీరు దాని బరువును, బ్రేకులను, దీపములను ఒకదానితో నొకటి పొసగునట్లు లెక్కకట్టియుండును. ఒకదానిని మార్చినచో తక్కినవాటి లెక్క తప్పును. పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన విషయ మిదియే.

ముందుగా దీపముల సంగతి చూతము. పాత తరహా హెడ్‌లైటు బుడ్డిలో రెండు తీగలుండును. ఒకటి దూరపు వెలుగునకు, రెండవది డిప్పర్ వెలుగునకు. డిప్పర్ తీగక్రింద చిన్న లోహపు దొప్ప యొకటి యుండును. అద్దముయొక్క క్రింది సగముపై వెలుగు పడకుండ అది ఆపును. అందువలన కాంతి పైకి లేవక రోడ్డుమీదికి మాత్రమే వంగును. ఆ బుడ్డిని తీసి అదే గిన్నెలో అంగడిలో దొరకిన ఎల్.ఇ.డి. బుడ్డిని బిగించినచో ఆ దొప్ప చేయు పని చాలమారు చెడిపోవును. వెలుగు నలుదిక్కులకు చిమ్మును. బండి నడుపువానికి తన ముందంతయు పట్టపగలువలె కనిపించును. ఎదుట వచ్చువానికి ఏమియు కనిపించదు.

దీని ఫలితమును అంకెలలో చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు మోటారుసైకిలు ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు కదలును. కండ్లు చెదరి మూడు సెకనులు చీకట్లు క్రమ్మినచో అతడు 50 మీటర్లు గ్రుడ్డివానివలె ప్రయాణము చేసినట్లే. వయసు మళ్ళినవారికి, కంటిలో శుక్లము ఉన్నవారికి ఆ చూపు తిరిగివచ్చుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. ఆ 50 మీటర్లలో దీపము లేని ఎడ్లబండి ఉండవచ్చును, ఆగియున్న ట్రాక్టరు ఉండవచ్చును. రోడ్డుపై వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండ చుట్టును పెద్ద రాళ్ళు పేర్చు అలవాటు మన జిల్లాలలో ఉన్నది గదా. ఆ రాళ్ళును ఉండవచ్చును. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవిలోని దారులలో దుప్పియో కణుజో ఈ వెలుగు కన్నులలో పడి కదలక నిలిచిపోవుటయు కలదు.

కేంద్ర మోటారు వాహనముల నియమావళి 1989 నాటిది. దానిలో ముందుదీపముల వెలుగు ఎట్లు వంగియుండవలెనో కొలతతో చెప్పబడినది. దీపమునకు 8 మీటర్ల దూరమున, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న మనిషి కన్ను చెదరరాదు. ఇది పరీక్షించుటకు యంత్రము అక్కరలేదు. చదునైన నేలమీద పంచాయతీ కార్యాలయపు గోడకు 8 మీటర్ల దూరమున బండిని నిలిపి, చీకటిపడిన తరువాత డిప్పర్ వేసి చూడవచ్చును. వెలుగుయొక్క పై అంచు, బండి దీపపు నడిమి ఎత్తుకంటె ఎనిమిది పది సెంటీమీటర్లు క్రిందుగా పడవలెను. ఈ పరీక్ష సరుకు నింపిన బండితో చేయుట మేలు. వెనుక బరువు పడగానే ముందుభాగము లేచును, దానితోపాటు వెలుగును లేచును. ఖాళీబండితో సరిచేసిన దీపము పత్తి నింపిన రాత్రి ఎదుటివాని ముఖముననే కొట్టును.

మంచు కురియు కాలమున, ముఖ్యముగా ఆదిలాబాదు ప్రాంతమున, పైకప్పుమీది తెల్లని దీపములు పనికిరావు. వెలుగు మంచుకు తగిలి వెనుకకే తిరిగివచ్చి కండ్లముందు తెల్లని గోడ కట్టును. క్రిందుగా, బంపరు ఎత్తున అమర్చి నేలకు వంచిన మంచుదీపములే అప్పుడు దారి చూపును. ఇది ఉపయోగకరమైన అదనపు దీపమని మా అభిప్రాయము. అయితే నిబంధనలకు తగిన నమూనాది కొనవలెను, మంచు లేనపుడు ఆర్పవలెను. ముందువైపు ఎఱ్ఱదీపము, వెనుకవైపు తెల్లదీపము ఉండరాదు. బండిని వెనుకకు నడుపునపుడు వెలుగు దీపము దీనికి మినహాయింపు. మంత్రుల కార్లపై తిరుగు ఎఱ్ఱదీపమును సైతము 2017 మే 1 నుండి తీసివేసినారు. కనుక సర్పంచి బండికి నీలిరంగు మిణుకుదీపము గౌరవచిహ్నమని ఎవరైన అనినచో నమ్మరాదు.

దీపముతోపాటు వచ్చు తీగల సంగతి చాలమంది గమనింపరు. 12 వోల్టుల బ్యాటరీపై 100 వాట్ల దీపము ఒక్కటి ఎనిమిది ఆంపియర్లకు పైగా విద్యుత్తు లాగును. రెండింటికి దాదాపు 17 ఆంపియర్లు. పాతదీపపు సన్నని తీగకే వీటిని ముడివేసినచో తీగ వేడెక్కును, స్విచ్చి కరగును, ఫ్యూజు పోవును. ఫ్యూజు పోయినప్పుడు కారణము వెదకవలసినది పోయి, సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము చుట్టి పని జరుపుకొనువారు కలరు. ఆ బండిమీద ఉన్నది పత్తి! అదనపు దీపములకు బ్యాటరీనుండి వేరుగా తగిన లావు తీగ, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు, మధ్య రిలే తప్పక ఉండవలెను. తీగ ఇనుపరేకును దాటుచోట రబ్బరు తొడుగు వేయవలెను. లేనిచో కుదుపులకు పైపొర అరిగి రేకుకు తగిలి నిప్పు పుట్టును. దీనికయ్యెడి ఖర్చు దీపముల వెలలో కొద్దిపాటిదే.

ఇక శరీరభాగములు. కమాన్ పట్టీలు పెంచినంతమాత్రమున బండి మోయదగిన బరువు పెరుగదు. పట్టీ వంగకపోవచ్చును గాని, బ్రేకులు, టైర్లు, ఇరుసు పాతవే. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసియున్న స్థూలభారమే బండియొక్క శక్తి. పత్తిజాలీ విషయమున మరియొక చిక్కు. వెనుకకు పొడుచుకొనివచ్చిన జాలీ, దానిపై వ్రేలాడు గోనెపట్టా వెనుకదీపములను కప్పివేయును. తనకు ముందు పది దీపములు వెలుగుచుండగా, వెనుకనుండి వచ్చు లారీకి ఆ బండి ఉన్నట్లే తెలియదు. ముందరి ఇనుప గార్డును కేంద్ర ప్రభుత్వము 2017 డిసెంబరులో నిషేధింపవలెనని రాష్ట్రములకు వ్రాసినది. ప్రమాదమున దెబ్బను క్రమముగా మ్రింగుటకు కంపెనీ చేసిన ముందుభాగము ఆ గార్డువలన తన పని చేయలేదు. ఎదుట పాదచారి ఉన్నచో అతనికి తగులునది మెత్తని రేకు గాక గట్టి ఇనుపగొట్టము.

చట్టము ఏమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని యజమాని మార్చరాదు. కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచినది. అదే సంవత్సరము చేసిన సవరణతో చేరిన 182-ఎ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలలవరకు జైలు, లేక ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానా, లేక రెండును విధింపవచ్చుననుచున్నది. వికలాంగులు నడుపుటకు అనువుగా చేయు మార్పులు తగిన అనుమతితో చేసికొనవచ్చును. సరుకుబండికి ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్లకొకమారు, ఆపైన ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష కలదు. పరీక్షకు ముందు దీపములు, జాలీ విప్పి ఇంట పెట్టి, మరునాడు తిరిగి బిగించుకొనుట పలుచోట్ల ఆచారమైనది. పరీక్ష చేయు అధికారి ఆనాడు చూచినది ఆ బండిని గాదు.

అన్నిటికంటె మిక్కిలి ప్రమాదకరమైన మార్పు చూచుటకు సాధుజంతువువలె కనిపించును. అది తొట్టిలో ఇరువైపుల వెల్డింగు చేయించిన బల్ల. పత్తి ఏరుటకు పోవు కూలీలు, వేములవాడకో కొండగట్టుకో మొక్కు చెల్లింప పోవు కుటుంబము, నాగోబా జాతరకు కేస్లాపూరు పోవువారు ఆ బల్లలమీద కూర్చుందురు. 2022 మే 8న కామారెడ్డి జిల్లా హసన్‌పల్లి వద్ద మనుషులతో నిండిన సరుకుబండి లారీని ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. తొట్టిలో పట్టుకొనుటకు బెల్టు లేదు, పైన కప్పు లేదు. మనుషులు సంచులవలె విసరివేయబడుదురు.

దీనిలో కుటుంబములను నిలువునా ముంచు మరియొక అంశము కలదు. సరుకుబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి బీమా కంపెనీ బాధ్యత వహింపదని ఆశారాణి వ్యాజ్యమున 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. సరుకుతోపాటు పోవు సరుకు యజమానికి, లేక అతని ప్రతినిధికి మాత్రము 1994 సవరణ రక్షణ కల్పించినది. అనగా పెండ్లివారి బండి పల్టీకొట్టినచో పరిహారపు భారము బండి యజమానిపై పడవచ్చును. అతనికున్నది ఆ బండి, దానిమీది అప్పు మాత్రమే కావచ్చును. చనిపోయినవారి పిల్లలు ఎవరిని అడుగుదురు? ఈ ఒక్క విషయమును గ్రామసభలో తెలియజెప్పుట, పది జరిమానాలకంటె ఎక్కువ ఫలితమునిచ్చునని మేము తలచుచున్నాము.

ఇన్ని వలదనిన తరువాత, తప్పక చేయింపవలసిన అలంకారము ఒకటి ఉన్నది. అది వెలుగును తిప్పికొట్టు అతుకుపట్టీ. ముందు తెలుపు, ప్రక్కల పసుపు, వెనుక ఎఱుపు. దీనికి బ్యాటరీ వలదు, తీగ వలదు, బండి చెడి చీకటిలో ఆగినను ఇది పనిచేయును. ఊరి మేస్త్రీ నేర్పునకును ఇచ్చట పని కలదు. జాలీ చాటున పడిన వెనుకదీపములను బయటికి కనిపించునట్లు కాపాడు గట్టి చట్రము, దీపమునకు రాయి తగులకుండ చిన్న జాలీ, సరుకు జారకుండ కొక్కెములు అతడు చక్కగా చేయగలడు.

పని మొదలిడవలసినది పంచాయతీ ఆవరణలోనే. 2019–20లో పల్లెప్రగతి కార్యక్రమముక్రింద రాష్ట్రములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, దాని ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఆ ట్రాలీ వెనుకదీపములు వెలుగుచున్నవా? ట్రాక్టరునుండి ట్రాలీకి పోవు తీగ కొస విరిగి, ఏ మూలనో చుట్టచుట్టి పడియున్నదా? చెట్లకు నీరు పోయుటకై ట్యాంకరు వెనుక అడ్డముగా వెల్డింగు చేసిన గొట్టము రోడ్డుమీద పోవునపుడు మడచుటకు వీలున్నదా? ట్యాంకరును ఊరిలోనే చేయించుకొనినచో లోపల అడ్డురేకులు వేయించినారా? అవి లేనిచో సగము నిండిన ట్యాంకరులో నీరు మలుపువద్ద ఒకప్రక్కకు ఎగసి బండినే పడదోయును. పంచాయతీ పనులకు బండ్లను కిరాయికి పిలుచునపుడు, వెనుకదీపము, అతుకుపట్టీ ఉన్న బండినే తీసికొందుమని తీర్మానము వ్రాసికొనుట కష్టము కాదు. ఏదైన మార్పునకు అనుమతి కావలెనా అను అనుమానము కలిగినపుడు డబ్బు చెల్లింపకముందే జిల్లా రవాణాశాఖ కార్యాలయమున అడుగవలెను.

వానకాలపు కోతలు అక్టోబరు, నవంబరు నెలలలో సాగును. పత్తి కూడ అప్పుడే అంగడికి బయలుదేరును. కావున ఊరిలోని ట్రాలీలకు, పికప్ బండ్లకు, ఎడ్లబండ్లకు పట్టీలు అతికించు పని అంతకుముందే ముగియవలెను. రేకుపై మట్టిని, నూనెను సబ్బునీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరిన పిమ్మట అతికించి గుడ్డతో గట్టిగా అదుమవలెను. దుమ్ముమీద అతికించిన పట్టీ నెలతిరుగక ముందే ఊడిపోవును.