పలకని పాటల పెట్టె ఎక్కడ ఆగింది?

పిల్లలూ! చేనులో బోరు ఆగిపోతే మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? నీళ్లు రాలేదు గదా అని ఆ పూటకే కొత్త బోరు వేయించరు. ముందు కరెంటు ఉందా అని చూస్తారు. ఉంటే మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు బాగుందా అని చూస్తారు. తర్వాత స్టార్టరు. స్టార్టరు పట్టిందంటే దానిమీది ఆంపియర్ల ముల్లు వైపు ఒక చూపు. ముల్లు ఎప్పటికంటే తక్కువ చూపిస్తే, మోటారు తిరుగుతూనే ఉంది, కింద నీళ్లే లేవేమో అని అనుమానిస్తారు. వాన చాలని మా లేపాక్షి చుట్టుపక్కల మెట్టనేలలో ఈ విద్య బడి మొహం చూడని రైతుకు కూడా కరతలామలకం. ఇదే విద్యను ఇవాళ అగ్గిపెట్టెంత పాటల పెట్టెమీద ప్రయోగించి చూద్దాం.

సెల్‌ఫోను అందరి చేతుల్లోకి రాకముందు పాటలు వినడానికి చిన్న చిన్న ప్లేయర్లు ఉండేవి. శాన్‌డిస్క్ సంస్థ 2009లో తెచ్చిన సాన్సా క్లిప్ ప్లస్ అలాంటిది. ఇప్పుడు దాని తయారీ లేదు గానీ, అటకమీద డబ్బాల్లోనూ పాత సామాన్ల కొట్లలోనూ ఇంకా దొరుకుతూనే ఉంది. దాన్ని తెరిచి చూస్తే ఒక బ్యాటరీ, రెండు మూడు చిప్పులు, గోరంత తెర మాత్రమే కనిపిస్తాయి. మరి మీట నొక్కగానే పాటల పట్టీ చూపించమని ఆ తెరకు ఎవరు చెబుతున్నారు? లోపల దాచిన ఆజ్ఞల వరుస. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. చేత్తో పట్టుకోగల హార్డ్‌వేరుకూ, ఇష్టం వచ్చినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేరుకూ నడుమ ఉండేది కాబట్టి ఆ పేరు. 1967లో ఆషర్ ఓప్లర్ అనే అమెరికన్ ఒక వ్యాసంలో ఈ మాట వాడాడు. ఆయన ఉద్దేశించిన అర్థం కొంచెం వేరు, మాట మాత్రం నిలిచిపోయింది.

ఫర్మ్‌వేరును తయారుచేసిన సంస్థే రాయాలని నియమం ఏమీ లేదు. 2001 చివర్లో స్వీడన్ దేశంలో బ్యోర్న్ స్టెన్‌బెర్గ్, డానియెల్ స్టెన్‌బెర్గ్, లీనుస్ నీల్సెన్ ఫెల్ట్‌సింగ్ అనే ముగ్గురు ఇంజనీర్లు, ఫ్రాన్సుకు చెందిన ఆర్కోస్ సంస్థ ప్లేయరు కొనుక్కొని, దాని ఫర్మ్‌వేరు నచ్చక తామే కొత్తది రాయడం మొదలుపెట్టారు. ఆ ప్లేయరులోని ప్రాసెసరు వేగం సెకనుకు 1 కోటి 20 లక్షల టిక్కులు. ఈనాటి ఫోనుతో పోలిస్తే నత్తనడక. అయినా వాళ్ల ప్రయత్నం ఫలించింది. దానికి రాక్‌బాక్స్ అని పేరు పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నారు. అనేక దేశాలవాళ్లు చేరి దాన్ని పదుల కొద్దీ ప్లేయర్లకు సరిపోయేలా చేశారు.

“ఉన్నది పాడుతూనే ఉంది గదా సార్, మార్చడం ఎందుకు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. సాన్సా క్లిప్ ప్లస్ అసలు ఫర్మ్‌వేరు మాట్లాడదు. అన్నీ ఆ గోరంత తెరమీద చదువుకోవాలి. రాక్‌బాక్స్ వేస్తే, మీట నొక్కినప్పుడల్లా మెనూలోని ప్రతి మాటనూ పైకి చదివి చెబుతుంది. మా బడిలో చూపులేని అమ్మాయి ఒకతె పదో తరగతి చదువుతున్నప్పుడు, తోటి పిల్లలు పాఠాలు చదివి రికార్డు చేసి ఆమెకు ఇచ్చేవారు. బెంగళూరులోని బంధువులు ఇచ్చిన పాత క్లిప్ ప్లస్ ఆమె దగ్గర ఉంది. కానీ భౌతికశాస్త్రం మూడో పాఠం వినాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి వెతికి పెట్టాలి. పరీక్షలకు రెండు నెలలుంది. అందుకే పిల్లలు రాక్‌బాక్స్ వేయాలని కూర్చున్నారు. వేసిన తర్వాత తెరమీద పాటల పట్టీకి బదులు “ఫైల్ నాట్ ఫౌండ్” అని వచ్చింది. “చచ్చిపోయింది సార్!” అంటూ నా దగ్గరికి తెచ్చారు.

చచ్చిపోయినది మాట్లాడుతుందా? ఇక్కడే మన రైతు విద్య పనికివస్తుంది.

ప్లేయరు మేలుకొనే పద్ధతి మన ఇళ్లలో వేకువ లాంటిది. అవ్వ లేచి అమ్మను లేపుతుంది, అమ్మ లేచి పిల్లలను లేపుతుంది. మీట నొక్కగానే మొదట లేచేది చిప్పులోనే చెక్కినట్టు ఉండే ఒక చిన్న కార్యక్రమం. దాన్ని ఎవరూ చెరపలేరు. అది ఫ్లాష్ మెమరీలో, కంప్యూటరుకు కనిపించని చోట ఉన్న ఫర్మ్‌వేరును లేపుతుంది. ఫ్లాష్ మెమరీ అంటే ఎలక్ట్రానులను విద్యుత్ నిరోధక పొరల మధ్య బంధించి ఉంచే గదుల సముదాయం. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. రాక్‌బాక్స్ వేసినప్పుడు ఇక్కడొక చమత్కారం జరుగుతుంది. సంస్థవాళ్ల అసలు ఫర్మ్‌వేరును నొక్కి చిన్నది చేసి, మిగిలిన చోట బూట్‌లోడర్ అనే ద్వారపాలకుణ్ణి కూర్చోబెడతారు. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. ఎడమ మీట పట్టుకొని ప్లేయరును వెలిగిస్తే పాతది లేస్తుంది. పట్టుకోకపోతే బూట్‌లోడర్ డిస్కులో ‘.రాక్‌బాక్స్’ అనే ఫోల్డరులోకి వెళ్లి అసలు రాక్‌బాక్స్ కార్యక్రమాన్ని లేపుతుంది. అది లేచి మీ సెట్టింగులను, ఆ తర్వాత పాటలను చదువుతుంది.

ఇప్పుడు “ఫైల్ నాట్ ఫౌండ్” అన్నది ఎవరు? బూట్‌లోడరే. అది మాట్లాడిందంటే బ్యాటరీ బాగుంది, చిప్పు బాగుంది, తెర బాగుంది, ఫర్మ్‌వేరు సరిగ్గా ఎక్కింది. స్టార్టరు పట్టిందంటే ఫ్యూజును అనుమానించనక్కరలేదు గదా, అలాగే. తప్పు ఇక ముందుకే ఉంది, వెనక్కి లేదు. తప్పు చెప్పే సందేశాన్ని చూసి చాలామంది బెంబేలెత్తి, అంతా చెరిపేసి మొదటినుంచి మొదలుపెడతారు. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తారు. బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, చెడితే ఎందుకు చెడిందో అసలే తెలియదు.

‘ఫైల్ నాట్ ఫౌండ్’కు సాధారణంగా రెండే కారణాలు. ఫోల్డరు అక్కడ లేకపోవడం ఒకటి, ఉండవలసిన చోట లేకపోవడం మరొకటి. జిప్ ఫైలును విప్పేటప్పుడు కంప్యూటరు తనంతట తానే ఇంకో ఫోల్డరు సృష్టించి అందులో పెడుతుంది. అప్పుడు ‘.రాక్‌బాక్స్’ డిస్కు పైస్థాయిలో కాకుండా, ఒక మెట్టు లోపల దాక్కుంటుంది. ద్వారపాలకుడు ఇంటి ముందర వెతుకుతాడు గానీ, పెరట్లోకి వెళ్లడు. పైగా పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లను కొన్ని కంప్యూటర్లు చూపించకుండా దాస్తాయి. వాటిలో ‘దాచిన ఫైళ్లను చూపు’ అనే సదుపాయం ఉపయోగించకపోతే, ఉందో లేదో కంటితో తేల్చలేం.

మా లేపాక్షి గుడిలో వేలాడే స్తంభాన్ని చూడడానికి వచ్చేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? దూరంనుంచి చూస్తే అన్ని స్తంభాల్లాగే అదీ నేలకు ఆనినట్టే ఉంటుంది. కింద పల్చని గుడ్డ దూర్చి ఇవతలినుంచి అవతలికి లాగినప్పుడే సందు ఉందని తెలుస్తుంది. కంప్యూటరు తెరమీద “కాపీ అయింది” అని కనిపించడం దూరంనుంచి చూడడం లాంటిదే. గుడ్డ దూర్చాలి. అంటే ఫోల్డరు తెరిచి, లోపల ‘రాక్‌బాక్స్.సాన్సా’ అనే ఫైలు ఉందా, దాని సైజు మూలంలోని సైజుతో సమానంగా ఉందా అని చూడాలి. మా పిల్లలు చూశారు. ఫోల్డరు ఒక మెట్టు లోపలే ఉంది. దాన్ని పైకి జరిపారు, ప్లేయరు లేచింది.

కొన్నిసార్లు ఫైలు దొరుకుతుంది గానీ “బ్యాడ్ చెక్‌సమ్” అని వస్తుంది. ఇది చాలా అందమైన ఏర్పాటు, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు శ్రద్ధగా చదవండి. వేరుశనగ బస్తాలు లారీకి ఎక్కించేటప్పుడు మొత్తం బరువు ఒక చీటీమీద రాసి డ్రైవరు చేతికి ఇస్తారు. దించేచోట మళ్లీ తూచి కూడతారు. రాక్‌బాక్స్ ఫైలులో మొదటి 4 బైట్లు ఆ చీటీయే. తర్వాతి 4 బైట్లు ప్లేయరు మోడలు పేరు. ఆ తర్వాత అసలు సరుకు. బూట్‌లోడర్ బైట్లన్నీ కూడి, మోడలుకు కేటాయించిన సంఖ్యను కూడా కలిపి, చీటీతో సరిపోతేనే ముందుకు పోతుంది. మూడు బస్తాల బరువులు 41, 38, 40 అనుకోండి. మొత్తం 119. దారిలో 38 కాస్తా 36 అయితే మొత్తం 117 వస్తుంది, దొంగ దొరికిపోతాడు. మరి 41, 38 ఒకదాని చోటులోకి ఒకటి మారితే? మొత్తం 119గానే ఉంటుంది! అంటే ఈ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది. మొదటి సంఖ్యను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో గుణించి కూడి చూడండి. ముందు 237 వస్తుంది, తారుమారయ్యాక 240. దొరికింది గదా! ఇంతకంటే గట్టి పద్ధతులు కూడా ఉన్నాయి. అవి మీ పైచదువుల్లో వస్తాయి.

మొత్తం తప్పడానికి కారణం ఎక్కువసార్లు తొందరే. “కాపీ అయింది” అని చెప్పిన తర్వాత కూడా కంప్యూటరు కొంత సరుకును తన జ్ఞాపకంలోనే ఉంచుకొని, తీరిక దొరికినప్పుడు ప్లేయరులోకి రాస్తుంది. మనం ఈలోగా వైరు పీకేస్తే సగం బస్తాలు లారీలోనే ఉండిపోతాయి. ‘సేఫ్లీ రిమూవ్’ అనే ఆజ్ఞ ఇచ్చి, సరేనన్నాకనే వైరు తీయాలి. మా ఊళ్లో మాదిరి చెప్పాపెట్టకుండా కరెంటు పోయే చోట బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ వాడడం ఉత్తమం.

ఇంకా మొదటి మెట్లలోనే ఆగిపోయే ప్లేయర్లు ఉంటాయి. మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే గంటసేపు ఛార్జి పెట్టి, ఆ మీటనే ఇరవై సెకన్లు వదలకుండా పట్టుకోండి. చిక్కుపడ్డ ప్రాసెసరు ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్లేయరు బాగానే వెలిగినా కంప్యూటరులో డిస్కులా కనిపించకపోతే వైరు మార్చి చూడండి. కొన్ని వైర్లలో ఛార్జింగు తీగలు మాత్రమే ఉంటాయి. వైరు మంచిదే అయితే, పాత ఫర్మ్‌వేరు సెట్టింగులలో యు.ఎస్.బి. మోడ్ అనే చోట ‘ఎం.ఎస్.సి.’ ఎంచుకోవాలి. ‘ఎం.టి.పి.’ ఉంటే ఫైళ్లను మనం కోరిన చోట పెట్టడం కుదరదు. మరో తమాషా ఏమంటే, మెమరీ కార్డు పెట్టిన క్లిప్ ప్లస్ కంప్యూటరులో రెండు డిస్కులుగా కనిపిస్తుంది. ఫర్మ్‌వేరు ఫైలును కార్డులో పెడితే ప్లేయరు దాన్ని పట్టించుకోదు. అందుకే పని అయ్యేదాకా కార్డు తీసేయండి.

నిజంగా భయపడవలసిన క్షణం ఒకటే ఉంది. ఫర్మ్‌వేరు ఫైలు పెట్టి వైరు తీసిన తర్వాత, ప్లేయరు దాన్ని లోపలి మెమరీలోకి రాసుకుంటూ తెరమీద ఆ సంగతి చెబుతుంది. అప్పుడు బ్యాటరీ అయిపోయినా, మీరు మీట నొక్కినా ద్వారపాలకుడు సగం శరీరంతో మిగులుతాడు. కాబట్టి పూర్తిగా ఛార్జి చేసి మొదలుపెట్టండి. మోడలు పేరు కూడా రెండుసార్లు చూసుకోండి. క్లిప్, క్లిప్ ప్లస్, క్లిప్ జిప్ పేర్లలో అన్నదమ్ములే గానీ, ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు.

ఆపిల్ సంస్థవారి పాత ఐపాడ్‌లలో కొన్నింటిలోనూ రాక్‌బాక్స్ నడుస్తుంది. 2005లో వచ్చిన వీడియో ఐపాడ్ వాటిలో ఒకటి. మెనూ మీట, మధ్య మీట కలిపి పట్టుకుంటే అది తిరిగి మొదలవుతుంది. వెంటనే మధ్య మీట, ప్లే మీట పట్టుకుంటే ‘డిస్క్ మోడ్’ వస్తుంది. ఆ కార్యక్రమం హార్డ్ డిస్కులో కాకుండా వేరే చిప్పులో ఉంటుంది కాబట్టి, డిస్కులో ఏది చెడినా మరమ్మతుకు దారి మిగులుతుంది. మాకింటాష్ కంప్యూటరుతో సిద్ధం చేసిన ఐపాడ్ డిస్కు అమరికను రాక్‌బాక్స్ చదవలేదు. దాన్ని విండోస్ కంప్యూటరులో తిరిగి సిద్ధం చేయాలి. లోపలి పాటలన్నీ పోతాయి, ముందే వేరే చోట దాచుకోండి.

ఇక మాట సంగతి. రాక్‌బాక్స్ లేచింది, మెనూ పలకడం లేదు అనుకోండి. ‘.రాక్‌బాక్స్’లోని ‘ల్యాంగ్స్’ ఫోల్డరులో గొంతు ఫైలు ఉందా చూడాలి. ఉన్నా పలకకపోతే, రాక్‌బాక్స్ ఒక కూర్పుది, గొంతు ఇంకొక కూర్పుది అయి ఉండవచ్చు. రెండూ ఒకే కూర్పువి కావాలి. లేచి మధ్యలో బిగుసుకుపోతుంటే ‘కాన్‌ఫిగ్.సి.ఎఫ్.జి.’ అనే సెట్టింగుల ఫైలు ఒక్కటే తీసి చూడండి, మొత్తం చెరపకండి.

తెలుగు అక్షరాలను తెరమీద చూడాలనుకుంటే కొంత నిరాశ తప్పదు. ఒత్తులూ గుణింతాలూ ఒకదానిలో ఒకటి కలిసే మన లిపి తీరును రాక్‌బాక్స్ సరిగ్గా అల్లలేదు. కానీ చెవికి ఆ ఇబ్బంది లేదు. ప్రతి ఫోల్డరుకూ ఒక గొంతు ముక్కను జత చేయవచ్చు. “భౌతికశాస్త్రం, మూడో పాఠం” అని మీ గొంతుతోనే రికార్డు చేసి, రాక్‌బాక్స్‌తోపాటు దొరికే సాధనంతో ‘స్పీక్స్’ అనే పద్ధతిలోకి మార్చి, ‘_డిర్‌నేమ్.టాక్’ అనే పేరుతో ఆ ఫోల్డరులో పెట్టాలి. పేరు ఆంగ్ల అక్షరాల్లోనే ఉండాలి సుమా! మా అమ్మాయి ప్లేయరులో ఒక్కో సబ్జెక్టును ఒక్కో స్నేహితురాలు పిలిచేది. లెక్కల ఫోల్డరు మాత్రం మొదటిరోజు మూగగానే ఉండిపోయింది. ఫైలు ఉంది, పేరు సరిగ్గానే ఉంది. వరసగా చూసుకుంటూ పోతే, రికార్డు చేసిన పిల్ల దాన్ని స్పీక్స్‌లోకి మార్చకుండా ఎం.పి.3 గానే ఉంచి, పేరు మాత్రం మార్చిందని తేలింది. మీ ప్లేయరులో అన్ని ఫోల్డర్లూ మూగగా ఉంటే మాత్రం ఆ ముక్కలను అనుమానించకండి. సెట్టింగులలో ‘వాయిస్’ అనే చోట ఫోల్డర్ల టాక్ క్లిప్పులను వాడమనే అంశం ‘యస్’ మీద ఉందో లేదో ముందు చూడండి.